మూడో పిలుపు

న్యూజెర్సీ తీరంలోని ఆ యుద్ధకాలపు బంకర్‌ను ఆర్ట్ మ్యూజియంగా మార్చారు. డిసెంబరు కావడంతో అయిదింటికే చీకటి పడింది.

"చివరి గదిలో ఎకో బాగుంటుంది, నాన్నా. ఏమైనా అని చూడండి. నేను కార్ తెస్తాను," అంటూ శ్రీలేఖ వెళ్లిపోయింది.

ఎవరూ లేని ఆ గదిలో, బొమ్మల మధ్య వాసుదేవరావు ఏమీ అనకుండా నిలబడ్డారు.

"ఏమండీ!"

అది లీల గొంతు. కానీ గదిలో మారుమోగలేదు. ఆయన భార్య లీల పోయి ఏడాది కావస్తోంది.

చీకట్లో ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలకొద్దనీ, దయ్యాలు రెండుసార్లే పిలుస్తాయనీ, పలికితే తమతో తీసుకుపోతాయనీ చెప్పేది లీలే. ఆయన పెదవులు బిగించారు.

"ఏమండీ!"

మూడో పిలుపు కోసం చాలాసేపు చూశారు. రాలేదు. బయట శ్రీలేఖ కొట్టిన హారన్ గదంతా మారుమోగింది.

"వస్తున్నా, లీలా!" అన్నారు.

ఆ మాట మారుమోగలేదు.