పదిహేను వందలవ గంట

"ఒక గంట తక్కువైంది లోర్నా. సంతకం పెట్టను," అంటూ డాక్టర్ స్ట్రాండ్ కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

అందులో పద్నాలుగు వందల తొంభై తొమ్మిది అని ఉంది. సైకాలజిస్టుగా లైసెన్సు కావాలంటే సీనియర్ డాక్టరు దగ్గర పదిహేను వందల గంటలు పనిచేసి ఉండాలి. రాష్ట్ర బోర్డు నియమం అది. కాగితాలు పంపడానికి ఈ రోజే గడువు. తప్పితే మళ్లీ మూడు నెలలకు. ఆసుపత్రిలో ఇస్తామన్న ఉద్యోగం అంతవరకు ఆగదు.

"నాలుగింటికి కర్టిస్ గారు రావాలి సార్. నలభై నిమిషాల నుంచి ఆయన కోసమే కూర్చున్నాను. అది పని కాదా?"

"ఖాళీ కుర్చీకి వైద్యం చేశానని బోర్డుకి రాస్తావా? ఫోన్ చేశావా?"

"చేశాను. ఎత్తడం లేదు."

"అయితే షెరీఫ్ ఆఫీసుకి చెప్పు. ఒంటరి మనిషి. నిరుడు ప్రాణం తీసుకోబోయిన మనిషి. రాకపోతే ఇంటికి ఎవరినైనా పంపించాలి కదా."

"కిందటి నెల పంపించాం సార్. ఆయన హాయిగా గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు కన్నం పెట్టుకుని చేపలు పడుతున్నారు. 'నా కోసం పోలీసులా! ఇంకోసారి హెలికాప్టర్ పంపమ్మా' అని నన్ను ఎంత ఎగతాళి చేశారో!"

"అయినా చెప్పు."

లోర్నా తన గదిలోకి వచ్చి ఫోన్ తీసింది. కాసేపు పట్టుకుని కూర్చుని, పెట్టేసింది. మంచు పడుతోందని ముందు గదిలో పనిచేసే అమ్మాయి అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. లోర్నా మళ్లీ డాక్టర్ గది తలుపు తీసి తొంగి చూసింది.

"వచ్చారు సార్. కారు స్టార్ట్ కాలేదట."

"అదృష్టవంతురాలివి. వెళ్లు, గంటా పూర్తి చెయ్."

ఆమె తలుపు వేసుకుంది. దీపం వెలిగించి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ సరిగ్గా గంటసేపు కూర్చుంది. తర్వాత రాసింది: 'ప్రశాంతంగా ఉన్నారు. చనిపోవాలన్న ఆలోచనలు లేవు. వచ్చే మంగళవారం వస్తానన్నారు.'

డాక్టర్ స్ట్రాండ్ అది చదివి సంతకం పెట్టాడు. "ఇక నన్ను సార్ అనక్కర్లేదు, డాక్టర్ లోర్నా హాగెన్," అన్నాడు.

శుక్రవారం కర్టిస్ అక్క వెర్నా వచ్చింది. కోటు విప్పకుండానే కూర్చుంది.

"తమ్ముడు పోయాడమ్మా."

లోర్నా లేచి నిలబడింది. "ఎప్పుడు?"

"నిన్న పోయి ఉంటాడన్నారు. వంటింట్లో జారి పడ్డాడు. తుంటి విరిగింది. ఫోనేమో గోడకి, అందలేదు." వెర్నా చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంది. "బుధవారం నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక్కడికి చేశాను. మీ ఆఫీసు అమ్మాయి ఫైలు చూసి, నిన్ననే వచ్చారు, బాగానే ఉన్నారు అంది. సరే, చేపలకి పోయుంటాడులే, దున్నపోతు, అనుకున్నాను. ఈ రోజు దాకా పోనేలేదు."

లోర్నా మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు. ఇక్కడి నుంచి వెళ్లాకే పడ్డాడనుకున్నా. కానీ ఇదేమిటో నాకు అర్థం కావడం లేదు. వాడి చేతిలో ఉంది."

అది ఓట్స్ డబ్బా నుంచి చింపిన అట్టముక్క. పెన్సిల్‌తో రాసిన అక్షరాలు వంకరగా ఉన్నాయి.

'సోమవారం రాత్రి. పడ్డాను, లేవలేను. భయం లేదు. ఈసారి ఎగతాళి చెయ్యను. రేపు నాలుగింటికి నేను రాకపోతే లోర్నా ఎవరినైనా పంపిస్తుంది.'