వంకర అట్ట

జపాన్‌లోని హిమేజీ ఊళ్లో, ఒక ఫ్యాక్టరీలో అట్ట అగ్గిపెట్టెలు చేసే యంత్రం ధడేలున ఆగింది. ఎర్రదీపం వెలిగింది. ఒక్క అట్ట వంకరగా వచ్చినా అది తనంతట తానే ఆగిపోతుంది. లేకపోతే రోలర్లు విరుగుతాయి.

అప్పటిదాకా, నడుస్తున్న యంత్రం ఆపకుండానే రోలర్ల మీదికి వంగి దుమ్ము తుడుస్తున్న ఫోర్‌మన్ కువబారా తల తిప్పి, యంత్రంలో అట్టలు పెట్టే పిల్ల మీద అరిచాడు.

"ఫుమియే! ఆ వంకర అట్ట నువ్వే పెట్టావ్, చూశాను. రోలరు విరిగితే మీ తాత తెచ్చిస్తాడా?"

"నేనే పెట్టానండీ. కావాలనే."

"కావాలనా! పో, ఇంటికి పో!" అంటూ లేవబోయాడు. లేవలేకపోయాడు.

మెడలోని తువ్వాలు కొస రోలర్ల మధ్య బిగుసుకుని ఉంది.

ఫుమియే కత్తెర అందుకుంది.

"స్విచ్ ఆ చివరెక్కడో ఉంది, నాకు అందదండీ. ఈ యంత్రం అట్ట వంకరైతే ఆగుద్ది గానీ, మనిషి మెడకి ఆగదు."