గుమ్మంలో పిచ్చుక

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, పొద్దున్నే వచ్చిన బాబాయి. పక్కగది గుమ్మంలో పిచ్చుక.

కట్టబోయే ఇళ్లను ముందే కంప్యూటర్లో కట్టి, బొమ్మగా చూపించడం నాన్న పని. పళ్ల డాక్టరుగారికి హాలు బొమ్మ సాయంత్రానికల్లా పంపాలి. చలికాలం నుంచి నాన్న ఒప్పుకున్న మొదటి పని అదే. కిటికీలోంచి ఎండ ఎలా పడుతుందో చూద్దామంటే ఒక్కో బొమ్మకు గంట పడుతోంది. నచ్చకపోతే మళ్లీ గంట.

"ఉప్పు చూడ్డానికి గిన్నెడూ తాగుతావేంట్రా అన్నయ్యా? గరిటెడు చాలదా?" అన్నాడు బాబాయి, కుర్చీ లాక్కుని. "చూసుకునే బొమ్మే కదా, సైజు తగ్గించు. బయట చెట్లు దాచెయ్. ఎండ చూడ్డానికి రంగులెందుకు, అంతా తెల్లగా పెట్టు."

నాన్న పెట్టాడు. గోడలు, సోఫా, తివాచీ సున్నం కొట్టినట్టు అయిపోయాయి.

"వంటింటి తలుపు కూడా మూసెయ్. బొమ్మలో కనపడనివాటితో కంప్యూటరుకు పెద్ద పనుండదు."

గంట కాస్తా అరగంటకు దిగింది. అక్కడే ఆగిపోయింది.

ఎందుకో బాబాయికి తెలుసు. గొంతు తగ్గించాడు. "వదినా, నువ్వైనా చెప్పు. పిచ్చుక అక్కడున్నంతసేపూ ఈ పని తెమలదు."

అమ్మ ఆ వైపు చూడలేదు. "నేను చెబితే వింటారా మీ అన్నయ్య?"

"దాని జోలికి రాకండి," అన్నాడు నాన్న. "దానిపాటికది నిలబడింది. ఎవర్నేమంది?"

పిచ్చుక అలాగే నిలబడి ఉంది. పసుపు గౌను, ఊడిపోతున్న రెండు జడలు, గుమ్మానికి ఆనించిన చెయ్యి. నవ్వుతూనే ఉంది.

"పోనీ కాసేపు లోపలికి పంపు. పనయ్యాక పిలుచుకుందువుగాని."

"ఒక్కసారి కళ్ల ముందునుంచి పంపిస్తే..." నాన్న మౌసు పక్కకు జరిపాడు. "నావల్ల కాదురా."

మధ్యాహ్నం అమ్మ మూడు కంచాలే పెట్టింది. పిచ్చుకను ఎవరూ రమ్మనలేదు. బాబాయి రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. నాన్న అదీ తినలేదు.

ఫోను మోగింది. డాక్టరుగారి గొంతు గదంతా వినిపించింది. "చీకటి పడేలోగా రాకపోతే వేరేవాళ్లతో చేయించుకుంటానండీ. ఏమనుకోకండి."

"పంపిస్తున్నానండీ," అన్నాడు నాన్న. పంపలేడని ముగ్గురికీ తెలుసు. ఈ పని కూడా పోతే ఆయన మళ్లీ మంచం మీదనుంచి లేవడనీ తెలుసు.

కిటికీలో ఎండ పల్చబడింది.

అమ్మ లేచి నాన్న వెనక్కి వచ్చి నిలబడింది. ఆ రోజు మొదటిసారి పిచ్చుక ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. జడలు చూసింది, గౌను చూసింది.

"పంపించొద్దులెండి," అంది. "అక్కడే ఉండనిద్దాం. తలుపు మాత్రం వేద్దాం."

"భయపడుతుందే."

"పడదు. నేను చెప్పానుగా."

నాన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బాబాయి లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోయాడు.

అమ్మ మౌసు అందుకుని, చనిపోయిన కూతురి ఫోటోలు చూసి నాన్న వెంట్రుక వెంట్రుకా గీసి, కంప్యూటర్లో కట్టిన డాక్టరుగారి ఇంట్లో నిలబెట్టుకున్న ఆ బొమ్మ మీద, మెల్లగా తలుపు మూసింది.