సంచెడు మట్టి

మూడోసారి కూడా ఏడే వచ్చింది.

ఆమె మీటరు కడిగి, తుడిచి, మళ్ళీ మట్టినీళ్ళలో ముంచబోయింది. ల్యాబ్ అటెండరు గబగబా వచ్చి మీటరు లాక్కున్నాడు.

“ఏడు వస్తే గంతులెయ్యాలమ్మా! పులుపు నేలా కాదు, చవుడు నేలా కాదు. ఇంకా ఏం రావాలి నీకు?”

“మరి మా పొలంలో పంటెందుకు రావట్లేదు?”

“అది మీటర్నెందుకు అడుగుతావ్? చేసేవాళ్ళని అడుగు. ఆడలేక మద్దెల ఓడంటే మద్దెలేం చేస్తుంది?”

ఆమెకు కోపం వచ్చింది. వరండాలోకి వచ్చి కాలుగాలిన పిల్లిలా ఆ చివర్నుంచి ఈ చివరకి తిరిగింది. గోడ పొడవునా అలమరలో సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో విద్యార్థి సొంత పొలం మట్టి, మీద రోల్ నంబరు. వ్యవసాయ కళాశాలలో ఈ రెండేళ్ళ డిప్లొమాకి చేరిన ప్రతివాళ్ళూ మొదటి నెలలోనే ఇంటి నుంచి సంచెడు మట్టి తెప్పించుకోవాలి. చదువు పూర్తయ్యేదాకా లెక్కలన్నీ ఆ మట్టి మీదే.

అప్పట్లో ఆమె అమ్మకి ఫోన్లో మరీ మరీ చెప్పింది.

“ఐదుచోట్ల జానెడు లోతు తవ్వి, కలిపి పంపు. ఇక్కడ మట్టి బాగోకపోతే ఏడిపించి చంపుతారమ్మా. ఒక సీనియరక్క పొలం పులుపు నేలని తేలింది. అంతే, అందరూ ఆమెని నిమ్మకాయా, నిమ్మకాయా అని పిలవడమే!”

“అయ్యో! అందరికీ కనపడేలా పెడతారా?”

“వరండాలోనే పెడతారు. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు.”

“పాపం ఆ పిల్ల,” అంది అమ్మ. మట్టి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. మూతి నీటుగా కుట్టిన సంచి, లోపల మెత్తటి ఎర్రమట్టి. ఐదుచోట్లా తవ్వానని అమ్మ ఒట్టేసి మరీ చెప్పింది.

నిమ్మకాయక్క మాత్రం ఎవరేమన్నా నవ్వేసేది. పులుపు విరగడానికి లెక్క కట్టి పొలంలో సున్నం చల్లించింది. మరుసటి పంటే నడుమెత్తు వచ్చిందని ఫొటో తెచ్చి అందరికీ చూపించింది. ఈమె సీసా చూసి మాస్టారు మెచ్చుకున్నారు. రెండేళ్ళలో ఆమెని ఎవరూ ఏమీ అనలేదు.

కానీ ఇంటి దగ్గర ఏం వేసినా మోకాలు దాటడం లేదు. ఆకులు పాలిపోతున్నాయి, వేళ్ళు గిడసబారుతున్నాయి. నాన్న పోయాక అమ్మ ఒక్కతే చేస్తోంది. ఆ ఎకరన్నర కోసమే ఆమె ఈ చదువులో చేరింది. నేల బాగానే ఉందని కాగితం చెబుతుంటే, ఇక మార్చాల్సింది అమ్మనే కదా! నీళ్ళు తగ్గించమంది. అమ్మ తగ్గించింది. విత్తనం మార్చమంది. మార్చింది. ఒకసారి మాత్రం, “పక్క చేను పెద్దాయన ఏదో తెల్లపొడి చల్లుతున్నాడే, మనమూ...” అని నసిగింది.

“మన మట్టికి ఏమీ అక్కర్లేదమ్మా. చదువుకున్నది నేనా, నువ్వా?”

అమ్మ మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఈ పంటా పోయింది. పొలం పెద్దాయనకే అమ్మేద్దామని మామయ్య తేల్చేశాడు. సంతకాలు ఆదివారం. డిప్లొమా చివరి పరీక్షలు ఆ మర్నాడే మొదలు.

ఆదివారం ఆమె రిపోర్టు చేతబట్టుకుని ఇంటికొచ్చేసరికి మామయ్యా, పెద్దాయనా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. బల్ల మీద కాగితాలున్నాయి. అమ్మ గోడకానుకుని నిలబడి పైటచెంగు మెలిపెడుతోంది.

“ఏదీ, చూడనీ,” అని పెద్దాయన రిపోర్టు అందుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని చదివి, పకపకా నవ్వాడు. “అచ్చం మా చేనుకి వచ్చినట్టే వచ్చిందే! బంగారంలాంటి నేల. చేసుకునే చెయ్యుండాలి గానీ.”

“విన్నావా అక్కా? నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే,” అన్నాడు మామయ్య.

అమ్మ తలొంచుకుంది. “అవును. నా చెయ్యే మంచిది కాదు,” అని బల్ల దగ్గరికొచ్చి కలం తీసుకుంది.

రెండేళ్ళుగా ఫోన్లో కూతురు అన్న మాటలన్నీ ఇప్పుడు అమ్మ నోట్లోంచి వస్తున్నాయి.

“నీ చెయ్యి కాదమ్మా, నా చదువే దండగ. సొంత పొలానికి మందు చెప్పలేని దానికి డిప్లొమా ఎందుకు? రేపు నేను పరీక్షకి వెళ్ళను.”

“పిచ్చిమాటలు మాట్లాడకు.”

“ఒట్టు. ఆ సీసా కూడా పారబోసి వస్తాను. రెండేళ్ళు చదివి నేను కనిపెట్టింది ఏమిటట? నేలలో ఏ దోషమూ లేదని!”

అమ్మ చేతిలో కలం కాగితం మీద ఆగిపోయింది. పెద్దాయన వైపు చూసింది, కూతురి వైపు చూసింది. కలానికి మెల్లగా మూత పెట్టేసింది.

“నీ చదువులో తప్పు లేదే తల్లీ. నిన్ను కూడా నిమ్మకాయ అంటారేమోనని భయపడ్డాను,” అంది.

“అంటే?”

“ఆ సంచిలోది ఈయన చేలో మట్టి.”