నీలి పిలుపు

కోకిలల బడిలో ఏటా ఒక్క కాకిపిల్లకే చోటు. ఆ చోటు కోసం నల్లమ్మ కాకి, తన కూతురు నీలి నోట 'కావ్' అన్న మాట రాకుండా ఏడాదిపాటు కళ్లల్లో వత్తులు వేసుకుని కాపు కాసింది.

"పిన్నీ, నీలిని ఆటకు పంపవా?" అని పిల్లకాకులు వస్తే, "పరీక్ష అయ్యేదాకా ఇటు రాకండి!" అని తరిమేది. అవి రావడమే మానేశాయి.

పరీక్షలో నీలి నెగ్గింది. ఆ సాయంత్రం దానికి పిట్టగోడ మీద అన్నం ముద్ద కనిపించింది. తిండి దొరికితే పదిమందినీ కేకేసి తినడం కాకుల ఆనవాయితీ. నీలి ఆశగా నోరు తెరిచింది. "కుహూ" అని వచ్చింది.

ఒక్క కాకీ కదల్లేదు. "మా నీలే! ఎంత బాగా పాడుతోందో!" అని నల్లమ్మ కొమ్మమీదే కూర్చుని మురిసిపోయింది.

ముద్ద ముట్టకుండా నీలి మళ్లీ పిలిచింది.

"ఇది ఇంకా బాగుంది" అంది తల్లి.