రెండో ఏడుపు

"కన్నీళ్లు రాలేదు మొండయ్యా. ఇంకోసారి చెయ్" అన్నాడు ఆనంద్ సారు.

కోరుట్ల ఫంక్షన్ హాలులో మోకాళ్ల మీద కూర్చున్న మొండయ్య తల వంచుకున్నాడు. ముందు పొడవుగా పరిచిన కండువాయే చనిపోయిన కొడుకు శవం. తండ్రి దాని మీద పడి ఏడవాలి. చిందు భాగోతంలో ఆ వేషానికి సారంగాపూర్ చుట్టుపక్కల మొండయ్యను మించినవాడు లేడని పేరు. ఇవాళ పాట వచ్చింది, రాగం వచ్చింది. కళ్లు మాత్రం తడవలేదు.

ఆనంద్ సారు, పక్కన కూర్చున్న మేడం హైదరాబాదులోని ఒక ట్రస్టు నుంచి వచ్చారు. ఆపదలో ఉన్న పల్లె కళాకారులకు సాయం చేస్తారు. కాగితాలేవీ అడగబోమని, ముందు కళ చూపించి తర్వాత కష్టం చెప్పుకుంటే చాలని, రెండూ నమ్మితే అప్పటికప్పుడే డబ్బు పంపిస్తామని సారు పొద్దున్నే అందరికీ చెప్పాడు. మొండయ్యకు అంతకన్నా ఏం కావాలి? జగిత్యాలలో అతని భార్య పోచవ్వ పేగు పగిలి పడి ఉంది. సర్కారు దవాఖానలో కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. అంతదూరం ప్రాణం ఆగదని ప్రైవేటులో చేర్చారు. డబ్బు కడితేనే ఆపరేషను. అదీ పొద్దుగూకే లోపే.

ఏడుపు ఎలా తెచ్చుకోవాలో మొండయ్యకు తెలియక కాదు. అతనికి ఉన్నది ఒక్కటే దారి. శవం మీద పడబోయే ముందు కళ్లు మూసుకుని, అక్కడ పడుకున్నది పోచవ్వ అనుకుంటాడు. అంతే. ఆమె కాలి మెట్టెలు కనబడతాయి. తర్వాత అతను చేయాల్సింది ఏమీ ఉండదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి నోరు జారి ఆ సంగతి ఆమెకే చెప్పేశాడు. అప్పటినుంచి ఆట అయిపోయి ముఖానికి రంగు కడుక్కునేటప్పుడల్లా, ఆమె నీళ్ల చెంబు అందిస్తూ అడుగుతుంది.

"ఏమయ్యా, ఇయ్యాల గూడ నన్నే సంపినవా?"

ఆ తలుపు తెరవడానికి ఇవాళ అతనికి ధైర్యం చాలడం లేదు. ఇన్నేళ్లూ అది అబద్ధమని తెలుసు కాబట్టే అనుకోగలిగాడు. ఇవాళ అనుకుంటే ఎవరో వినేస్తారని, అవునని తలూపుతారని భయం. అందుకే చనిపోయిన తల్లిని తలుచుకున్నాడు. పాము కరిచి పోయిన తమ్ముణ్ణి తలుచుకున్నాడు. అవన్నీ ఏనాడో ఏడ్చేసిన చావులు. ఒక్కటీ కదలలేదు.

"నువ్వు నిజంగ భాగోతం ఆడేటోనివేనా? ఎవరన్న చెప్పి పంపిండ్రా?"

సారు గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది. బయట ఇంకా చాలామంది కూర్చున్నారని మేడం గుర్తు చేసింది.

జేబులో ఫోను మోగింది. దవాఖాన నుంచి కూతురు శైలజ. డాక్టరు మళ్లీ వచ్చి అడిగి పోయాడని, అమ్మ పిలిస్తే పలకడం లేదని చెప్పింది. పలకకపోవడమంటే ఏమిటో మొండయ్య అడగలేదు. ఫోను జేబులో పెట్టుకుని, కండువా ముందు మళ్లీ మోకాళ్లూనాడు.

'ఒక్కసారే పోచవ్వా. నిన్ను బతికిచ్చుకునేటందుకే' అనుకుని కళ్లు మూసుకున్నాడు.

మెట్టెలు కనబడ్డాయి.

ఆ తర్వాత హాలులో ఏం జరిగిందో అతనికి సరిగా తెలియదు. కళ్లు తెరిచేసరికి కండువా గుప్పిళ్లలో నలిగిపోయి ఉంది. మేడం చున్నీతో ముఖం కప్పుకుంది. గుమ్మం దగ్గర వంతు కోసం నిలబడ్డ డప్పులవాళ్లు తలలు దించుకున్నారు. ఆనంద్ సారు లేచి వచ్చి, అతని చేయి పట్టుకుని లేపి, తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. ఇట్లాంటి కళాకారుణ్ణి తన జన్మలో చూడలేదన్నాడు.

"ఇగ చెప్పు మొండయ్యా. నీకొచ్చిన ఆపద ఏంది?"

మొండయ్య చెప్పబోయాడు. పోచవ్వ పేరు నోటికి రాగానే, ఇందాక తెరిచిన తలుపు ఇంకా మూసుకోలేదని తెలిసింది. అదే వెక్కు. అదే గొంతు విరుపు. చేతులు కూడా ఇందాకటిలాగే గాలిలోకి లేచి నెత్తి మీద పడ్డాయి. వాటిని దించుకోవాలని చూశాడు. నెమ్మదిగా, మామూలు మనిషిలా చెప్పాలని చూశాడు. కానీ ఆ ఒంటికి ఏడుపు ఒకే తీరుగా వచ్చు. ఇంకో తీరుగా ఏడవడం అతను ఎన్నడూ నేర్చుకోలేదు. ఆ ఏడుపుతోనే పోచవ్వ సంగతంతా చెప్పాడు.

సారు పెదవుల మీద చిన్న నవ్వు మొలిచింది. ఆ నవ్వు మొండయ్య ఎరిగినదే. ఆట బాగా కుదిరిన రోజున ముందు వరుసలో వాళ్లు అలాగే నవ్వుతారు.

"నిజం సారూ. మా బిడ్డ దవాఖానలనే ఉన్నది. మీరే మాట్లాడుండ్రి."

ఫోను కలిపి ఇచ్చాడు. సారు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల శైలజ ఏడుస్తూ చెబుతున్నది మొండయ్యకూ వినిపిస్తోంది. అదే వెక్కు. అదే గొంతు విరుపు. చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని తనే నేర్పాడు.

"మీ బిడ్డ గూడ మేళంల ఆడుతదా?" అడిగాడు సారు.

అబద్ధం చెప్పాలని కూడా మొండయ్యకు తోచలేదు. "ఆడుతది సారూ" అన్నాడు.

సారు ఫోనును అతని చేతిలో పెట్టి, గుప్పిటను ప్రేమగా మూసి, భుజం తట్టాడు. ఆయన కళ్లలో ఇందాకటి తడి ఇంకా ఆరలేదు.

"మస్తు కళ ఉన్నది నీ దగ్గర. కొడుకును సంపినవు, నమ్మినం. సాయం కోసమని ఇంట్లున్న పెండ్లాన్ని గూడ సంపుతవా మొండయ్యా?"