తడి ఆరని బూట్లు

నాలుగో అంతస్తులో శవం ఉందని వాచ్‌మన్ మారిముత్తు వచ్చి చెప్పేసరికి వాసంతి ఇంకా కాఫీ కూడా కలుపుకోలేదు.

"మనిషా, ఎలుకా?" అంది.

"తెలీదు మేడం. వాసన మాత్రం మీ వాకిట్లోకి వచ్చి నిలిచిపోతా ఉండాది."

వాసంతి గుమ్మం దాటి వచ్చింది. వరండాలో అసోసియేషన్ సెక్రటరీ పుష్పవల్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వేలు చెప్పుల స్టాండు వైపు చూపిస్తోంది.

శవం దొరికింది. వెంకట్రామ్ ట్రెకింగ్ బూట్లు.

వెంకట్రామ్ వాసంతి భర్త. నాగలాపురం కొండల్లో ఉన్న వాగులన్నీ ఆ బూట్లతోనే దాటి వచ్చి, వాటిని స్టాండులో పడేసి, మర్నాడే ఆఫీసు పనిమీద పుణె వెళ్ళిపోయాడు.

"ఆదివారం మీటింగు," అంది పుష్పవల్లి కొంగులోంచి. "నేనే వచ్చి చూస్తా. అంతలోపల కంపు పోలేదంటే కార్పొరేషన్ బండిలో ఏసేస్తాం. షోళింగనల్లూరు మొత్తం మన బిల్డింగునే చూస్తా ఉండాది."

"చూస్తా లేదు తల్లీ, ముక్కు మూసుకోని పోతా ఉండాది," అన్నాడు పక్క ఫ్లాటు దామోదరం, పేపరు దించకుండానే.

దామోదరానిది సౌకార్‌పేట. అక్కడి హోల్‌సేల్ బట్టల కొట్టు తమ్ముడికి వదిలేసి ఈ మధ్యే ఇటు వచ్చాడు. మోకాళ్ళ నొప్పులకు నడక మంచిదని డాక్టరు చెప్పాడు. తెల్లవారకముందే వాకింగ్ ముగించుకుని, ఊరు లేచే వేళకు ఉత్త కాళ్ళతో గుమ్మం ముందు కుర్చీలో కూర్చుంటాడు.

వాసంతి భర్తకు ఫోన్ చేసింది.

"పారేసి కొత్తవి కొనుక్కోరాదూ?"

"కొత్తవా? అవి నా కాళ్ళకు అలవాటు పడటానికి ఏడాది పట్టింది. వచ్చే నెల హిమాలయాలు ఎక్కాలి. కొత్త బూట్లతో ఎక్కితే నన్ను మోసుకుని దింపాలి. ఈ సెలవు కోసం ఎన్నేళ్ళు తిరిగానో నీకు తెలుసుగా. నీకు దండం పెడతా, వాసూ. వాటిని ఎలాగైనా కాపాడు."

వాసంతి పని మొదలుపెట్టింది. లోపలి అట్టలు పీకింది. సబ్బునీళ్ళతో కడిగింది. రోజంతా బాల్కనీలో ఆరబెట్టింది. సాయంత్రానికి వాసన లేదు. బూట్లు తెచ్చి స్టాండులో పెట్టింది.

తెల్లారేసరికి శవం లేచి కూర్చుంది. పైగా లోపల తడి.

"సముద్రం గాలమ్మా," అన్నాడు దామోదరం. "ఈ ఊర్లో అప్పళమే రాత్రికి మెత్తబడిపోతాది. బూట్లు ఎంత? పాత పేపర్లు కుక్కి పెట్టు. తడి లాగేస్తాది. గట్టిగా కుక్కబాక, తీసేదానికి కష్టం."

"ఇంట్లో ఫ్యాను కింద పెట్టనా, బాబాయ్ గారూ?"

"లోపల మాత్రం పెట్టబాకమ్మా. పూజగది ఉండే ఇల్లు."

నిజమే. వాసంతి పుట్టింట్లో కూడా చెప్పు గుమ్మం దాటి లోపలికి రాదు.

మర్నాడు పొద్దున బూట్లలో పేపర్లు లేవు. తడి ఉంది. వాసన ఉంది. దామోదరం కుర్చీలో కూర్చుని ముడతలు పడిన పేపరు చదువుకుంటున్నాడు.

"పేపర్లు నేనే తీసేసినా. వాటి పని అయిపోయింది. ఈ రాత్రికి వంటసోడా చల్లు."

వంటసోడా చల్లింది. పొద్దున్నకి అదీ లేదు.

"నీకెందుకమ్మా శ్రమ అని దులిపేసినా," అన్నాడాయన.

తర్వాత కర్పూరం. తర్వాత వట్టివేళ్ళు. బూట్లు గుడి వెనక సందులా వాసన కొట్టాయి.

"మనిషి పుణెలో ఉన్నాడు, కాళ్ళేమైనా ఇక్కడ వదిలి వెళ్ళాడా?" అంది వాసంతి నీరసంగా.

"మీ ఆయనవి మామూలు కాళ్ళు కావమ్మా," అన్నాడు దామోదరం తన మోకాళ్ళు తట్టుకుంటూ. "నాకు చూడు, ఈ వారంలో నొప్పి ఎంత తగ్గిందో. కండిప్పా నడవాలమ్మా, తప్పకుండా అందరూ నడవాల."

శనివారం వాసంతి ఆఖరిసారి కడిగింది. టెర్రస్ మీద మండుటెండలో పెట్టి దగ్గర కూర్చుంది. కొత్త అట్టలు వేసింది. సాయంత్రం ధైర్యం చేసి బూటులో ముక్కు పెట్టింది. ఏమీ లేదు. అప్పళంలా పెళపెళలాడుతున్నాయి.

స్టాండు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ రాత్రి కూడా సముద్రం గాలి తగిలితే పొద్దున పుష్పవల్లి వస్తుంది, వెనకే కార్పొరేషన్ బండి వస్తుంది. హిమాలయాలు చెత్తకుప్పలో కలుస్తాయి.

పూజగది తలుపు దగ్గరగా వేసింది. దేవుడికి క్షమాపణ చెప్పుకుంది. బూట్లను శుభ్రమైన తువ్వాలులో చుట్టి బీరువాలో, భర్త పెళ్ళి పట్టుపంచె పక్కన పెట్టి తాళం వేసింది.

ఆదివారం ఇంకా వెలుతురు రాకముందే కాలింగ్ బెల్ మోగింది. పుష్పవల్లికి ఇంత తొందరా అనుకుంటూ వాసంతి ముందు బీరువా దగ్గరికి పరుగెత్తింది. తువ్వాలు విప్పింది. వాసన చూసింది.

తడి లేదు. కంపు లేదు. వారం రోజుల్లో పొద్దున పూట ఇలా ఉండటం మొదటిసారి.

బూట్లు రెండూ కప్పు గెలిచినట్టు చేతుల్లో ఎత్తి పట్టుకుని తలుపు తీసింది.

పుష్పవల్లి కాదు. దామోదరం. కాళ్ళకు మేజోళ్ళు, చేతిలో కర్ర. ఖాళీ స్టాండు వైపు ఒకసారి, ఆమె చేతుల వైపు ఒకసారి చూశాడు. మొహంలో కోపం లేదు, కాస్త నొచ్చుకున్నట్టుంది, అంతే.

"ఏమ్మా, బూట్లు తీసకపోయి లోపల పెట్టేసుకుంటే, నేను వాకింగుకు ఏం ఏసుకోని పోయేది?"